పళ్లన్నీ ఉన్న ముద్ర

నవంబర్ 1, శనివారం

ఇది సారు చూసే పుస్తకం కాదు. సారు చూసేదానికి నీలం అట్ట వేసి, పైన ‘నా హాబీ డైరీ’ అని గుండ్రంగా రాశాను. అందులో ఈ రోజు రాసింది ఇది: “నేడు నేను మౌతార్గాన్ నేర్చుకొనుట ప్రారంభించితిని. సంగీతము మనసుకు శాంతినిచ్చును.” నిజం ఏమిటంటే, నేను ఊదుతుంటే మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి గ్యాస్ లీకవుతోందా అని అడిగింది.

నలభై మూడేళ్లకి సాయంత్రం బడి. పగలంతా ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడవాలి, ఆరింటికి వెళ్లి పిల్లల బెంచీలో మోకాళ్లు మడవాలి. సోమ, బుధవారాలు పాఠాలు. శనివారం హాబీ. హాబీ లేనిదే పదో తరగతి పాస్ చెయ్యరట. ఎవరు కనిపెట్టారో గాని వాళ్లింట్లో పనిమనిషి ఉండే ఉంటుంది.

హాబీ సారుకి దూది అని పేరు పెట్టాను. అంత మెత్తగా మాట్లాడతాడు. తిట్టినా దెబ్బకి అద్దినట్టే ఉంటుంది.

నవంబర్ 5

చీమ గురించి రాయలేదు. రాయకపోతే తనకేం బాధ లేదు, తనకి తెలియదు కదా.

లాండ్రీలో నా బల్లకి ఎదురు బల్ల చీమది. బళ్లో పక్క సీటు. ఆ పేరు నేను పెట్టిందే: చిన్నగా ఉంటుంది, ఆగదు, తనకంటే పెద్ద మూట మోస్తుంది. నన్ను వదినా అంటుంది. చుట్టరికం ఏమీ లేదు. పంతొమ్మిదేళ్లుగా ఏడిపిస్తున్నాను కాబట్టి వదిననయ్యాను.

మడత గది ఇన్‌ఛార్జి ఏప్రిల్లో దిగిపోతాడు. పదో తరగతి ఉన్నవాళ్లకే ఆ కుర్చీ. నలభై ఐదు నిండితే అదీ ఇవ్వరు. చీమకి మేలో నిండుతాయి. ఇద్దరం పాసైతే కుర్చీ చీమది, నాకంటే ఎనిమిది నెలల ముందు చేరింది. తనకది కావాలి. ఆవిరి మిషను దగ్గర నిలబడీ నిలబడీ తన పిక్కల మీద నరాలు వానపాముల్లా లేచాయి. ఆస్పత్రి డాక్టరే చూసి, “ఇంక నిలబడే పని మానెయ్యమ్మా” అన్నాడు. నిలబడకపోతే పని లేదని డాక్టరుకెవరు చెబుతారు.

నాకింకా రెండేళ్లుంది. వచ్చే ఏడు కుట్టు గది కుర్చీ ఖాళీ అవుతుంది. అసలు నాకు కుర్చీల మీద మోజే లేదు. కూర్చుంటే నడుం పట్టేస్తుంది.

నవంబర్ 15

మౌతార్గాన్ ఇంటివాళ్ల మీద జాలితో మానేశాను. చదరంగం మొదలుపెట్టాను. పక్క వీధి టైలరమ్మతో ఆడి మూడు ఆటలు ఓడిపోయి, నాలుగోది ఆమె టీ పెట్టడానికి లేచినప్పుడు గెలిచాను.

నీలం పుస్తకంలో: “చదరంగము వలన ఓర్పు అలవడును.”

చీమ హాబీ ఏమిటో తెలిస్తే నవ్వు ఆగదు. ఈల. చిన్నప్పుడు ఈల వేస్తే వాళ్లమ్మ మూతి మీద కొట్టిందట, అప్పటినుంచీ కోరిక అట్లాగే ఉండిపోయిందట. దూది సారు ముందు తలొంచుకుని, “ఈల రాసుకోవచ్చా సారూ” అని అడిగింది. ఆయన నవ్వకుండా రాసుకున్నాడు. ఇప్పుడు లాండ్రీలో దుప్పటి ఒక కొస నేను, ఒక కొస తను పట్టుకుని దులుపుతుంటే, ఉఫ్ ఉఫ్ మని నా మొహాన గాలి.

“మరదలా, తుంపర్లు పడుతున్నాయి. గొడుగు తెచ్చుకోనా” అన్నాను.

“తెచ్చుకో వదినా. పాట వచ్చేసరికి వరద వస్తది” అంది.

నవంబర్ 29

ఈ రోజు నిజంగా ఒకటి జరిగింది. దూది సారు మా అందరికీ తలో పెన్సిల్ రబ్బరు, చిన్న బ్లేడు ఇచ్చి ముద్రలు చెక్కడం చూపించాడు. నేను ఆకు చెక్కాను. ఈనెలతో సహా. ఆయన దాన్ని సిరాలో అద్ది కాగితం మీద నొక్కి, అద్దాలు పైకి తోసి చూశాడు.

“ఎక్కడ నేర్చుకున్నారు?”

“ఎక్కడా లేదు సారూ.”

“అంచు గోడలు బయటికి వాల్చి కోశారు. అందుకే నొక్కినా ముడుచుకోలేదు. ఇది నేను మూడో వారంలో చెప్పే పాఠం.”

అందరికీ చూపించాడు. చీమ చప్పట్లు కొట్టింది, ఒక్కతే.

చిన్నప్పుడు బళ్లో నన్ను మెచ్చుకున్న సందర్భం నాకు గుర్తు లేదు. ఏడో తరగతిలో టీచరు కుర్చీకి జిగురు రాసినప్పుడు, చూసొచ్చిన పిల్లలు మెచ్చుకున్నారు. ఆ తర్వాత బడే లేదు.

నీలం పుస్తకంలో ఏం రాయాలో తోచలేదు. ఆకు ముద్ర వేసి ఊరుకున్నాను.

డిసెంబర్ 13

బొద్దింక చెక్కాను. మీసాలతో. ఇన్‌ఛార్జి రిజిస్టరులో పేజీకొకటి వేశాను. మనిషి చెప్పు తీసి రిజిస్టరుని మూడుసార్లు కొట్టాడు. చీమ దుప్పట్ల గుట్టలో తల దూర్చి నవ్వింది. నవ్వుతుండగా తన నోట్లోంచి మొదటిసారి ఈల వచ్చింది, సన్నగా, కెటిల్ మరిగినట్టు. ఇద్దరం ఆగిపోయాం. తర్వాత మళ్లీ వెయ్యమంటే రాలేదు.

జనవరి 5

రాతపని పుస్తకాలు ఆరూ పూర్తి చేసి ఈ నెలాఖరుకి ఇవ్వాలట. ఒక్కో పుస్తకం పూర్తవగానే ఆఫీసులో చూపించాలి. గుమాస్తా పేజీలు తిప్పి, చివర గుండ్రటి ముద్ర వేస్తాడు: ‘సరిచూడబడినది’. ఆరు ముద్రలుంటేనే హాల్ టికెట్. గుమాస్తా ఆ ముద్రని మొలకి కట్టుకున్నంత పని చేస్తాడు. టీకి వెళ్లినా జేబులో వేసుకుపోతాడు.

నావి ఆరూ అయిపోయాయి. మూడు చీమవి చూసి రాశాను, రెండు మా అమ్మాయి చెబితే రాశాను, ఒకటి నేనే రాశాను. చీమవి నాలుగే అయ్యాయి. లెక్కలూ సైన్సూ మిగిలాయి. తను ఎవరివీ చూసి రాయదు. అదొక జబ్బు.

జనవరి 10, శనివారం

గుమాస్తా ముద్ర చెక్కాను.

సరదాకే. చెక్కగలనా లేదా అని. నా పుస్తకంలో ఉన్న ముద్ర మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో దించి, దాన్ని పెద్ద రబ్బరు మీద బోర్లించి రుద్దితే అక్షరాలు తిరగబడి వచ్చాయి. నాలుగు గంటలు పట్టింది. అన్నం కూడా మరిచాను. అసలుదానిలో పైన ఎడమవైపు చుట్టుగీత బియ్యపుగింజంత మేర పడలేదు. సిరా అంటలేదేమో. నేను మాత్రం నిండుగా చెక్కాను. నాకు సగం పని నచ్చదు.

మా అమ్మాయి మోచేతి మీద వేశాను. ‘సరిచూడబడినది.’ చదువుకుంటున్నది తలెత్తి, “నన్నెప్పుడు చూశావమ్మా” అంది. జోకే.

జనవరి 17

గోపురాల్లా మూటలు. జ్వరాల కాలం. బడికి వెళ్లలేదు.

ఇన్‌ఛార్జి ఈ రోజు నన్ను కాసేపు తన కుర్చీలో కూర్చోమని, మూట చీటీలు చూడమన్నాడు. కిటికీ పక్కన. గాలి బాగా వస్తుంది. నడుం ఏమీ పట్టలేదు. ఊరికే రాశాను.

జనవరి 19

బళ్లో చీమ నీళ్లు తాగడానికి వెళ్లింది. సంచీ తెరిచే ఉంది. లెక్కల పుస్తకం తీస్తే మొదటి ఆరు పేజీలే రాసి ఉన్నాయి. చివరి పేజీ తెల్లగా ఉంది. ముద్ర వేశాను. నిండుగా పడింది.

సరదాకే. చూసుకుని బిత్తరపోతే ఎలా ఉంటుందోనని.

జనవరి 21

చూసుకుంది. లాండ్రీలో మూటల వెనక్కి నన్ను లాక్కుపోయింది. లెక్కల పుస్తకం ఆఖరి పేజీ తెరిచింది.

“వదినా, ఇది చూడు. రాయని పుస్తకానికి ముద్ర పడింది.”

“పడితే పడింది. నీ సొమ్మేం పోయింది?”

“సోమవారం సైన్సు పుస్తకం కింద ఇదీ పెట్టి ఇచ్చానేమో. సగమే రాశావని గుమాస్తా తిట్టి అది తిరగ్గొట్టాడు. దీన్ని తిప్పి చూడకుండా వేసేశాడేమో. వెళ్లి చెప్పాలి.”

ఇక్కడ చెప్పాలి నేను. నోటి దాకా వచ్చింది. నవ్వే భాగం ఎప్పుడూ ఇక్కడే వస్తుంది: బిత్తరపోయిన మొహం చూసి, నేనేనే పిచ్చిమొహమా అనాలి. కానీ తన మొహంలో బిత్తరపాటు ఒక్కటే లేదు. వెనకాల ఇంకోటి ఉంది. ఒక బరువు దించిపెట్టవచ్చేమోనన్న ఆశలాంటిది. దాన్ని చూస్తూ నవ్వలేకపోయాను.

“నోరు మూసుకుని ఊరుకో. గుమాస్తాకి చెబితే తన తప్పు బయటపడిందని నీ మీదే పడతాడు. ఆ టైములో సైన్సు చదువుకో” అన్నాను.

“తప్పు కదా వదినా.”

“నీ కాళ్లు చూసుకో ఒకసారి. తర్వాత తప్పొప్పులు మాట్లాడుదువు గాని.”

చూసుకుంది. పుస్తకం సంచీలో పెట్టేసుకుంది.

తన మంచికే చెప్పాను. చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు, లెక్క వేసుకోవచ్చు.

జనవరి 24

చీమకి ఈల వచ్చేసింది. పూర్తిగా. సైన్సు పుస్తకం అయిపోయిందట. ఈసారి గుమాస్తా నిజంగా ముద్ర వేశాడట. దుప్పటి దులుపుతూ రెండు లైన్ల పాట వేసింది. ఆవిరి మిషను దగ్గర ఆడవాళ్లంతా పని ఆపి విన్నారు.

నేను చప్పట్లు కొట్టాను.

జనవరి 31, శనివారం

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

ఆరు పుస్తకాలూ ఇవ్వాల్సిన ఆఖరు రోజు. ఆఫీసు గదిలో బల్ల వెనక గుమాస్తా, పక్కన పెద్ద టీచరు. హాబీ మార్కుల కాగితాలు ఇవ్వడానికి వచ్చి దూది సారు కూడా బీరువా దగ్గర నిలబడి ఉన్నాడు. నావి చూశారు, అయిపోయింది. నా వెనక చీమ.

గుమాస్తా ఆఖరి పేజీలే తిప్పుతున్నాడు. ఒకటి, రెండు, మూడు. లెక్కల పుస్తకం దగ్గర చెయ్యి ఆగింది. కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు.

“ఇది నాది కాదు” అన్నాడు.

“ఏది?” అంది పెద్ద టీచరు.

“ఈ ముద్ర. నా ముద్రకి పన్ను ఊడింది మేడమ్. రెండేళ్ల కిందట బండ మీద పడి అంచు లేచిపోయింది. ఇదిగో, చూడండి.” జేబులోంచి తీసి కాగితం మీద నొక్కాడు. పైన ఎడమవైపు బియ్యపుగింజంత ఖాళీ. “దీనికి పళ్లన్నీ ఉన్నాయి. ఎవడో నాకంటే మంచిది చేశాడు.”

తర్వాత పేజీలు తిప్పాడు. ఆరు పేజీలు రాసి, మిగతాదంతా తెలుపు.

దూది సారు దగ్గరికొచ్చి వంగి చూశాడు. గీత అంచు మీద వేలు పెట్టాడు. నిటారుగా నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

“ఎవరు వేశారమ్మా ఇది?” అంది పెద్ద టీచరు. అరవలేదు.

చీమ నా వైపు తిరిగింది. అప్పుడే అర్థమైంది తనకి. నాకది కనిపించింది: ముందు నా మొహం చూసింది, తర్వాత నా చేతులు. నా కుడి చెయ్యి సంచీలో ఉంది. రబ్బరు పట్టుకుని ఉంది. ఎందుకు తీసుకెళ్లానో తెలియదు.

నేను నోరు తెరిచాను. తెరిచాననే గుర్తు.

“నేనే వేసుకున్నా టీచరమ్మా” అంది చీమ.

“నీకెక్కడిదీ ముద్ర?”

“చేసుకున్నా.”

“మీ హాబీ ఈల కదా” అన్నాడు దూది సారు, మెల్లగా. చీమ నేల చూసింది. ఆయన మార్కుల కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఈ ఏడు హాల్ టికెట్ ఇచ్చేది లేదన్నారు. పోలీసుల దాకా పోకుండా వదిలేస్తున్నామన్నారు. వచ్చే ఏడు మళ్లీ చేరి రాసుకోమన్నారు.

“వచ్చే ఏడు నాకు పనికిరాదు టీచరమ్మా” అని, సంచీ తీసుకుని బయటికి నడిచింది. మెట్ల దగ్గర గోడ పట్టుకుని దిగింది. కాళ్లు.

రేపు వెళ్లి చెబుతాను.

ఫిబ్రవరి 1

ఆదివారం. బడి లేదు.

ఫిబ్రవరి 2

పెద్ద టీచరు సెలవు.

ఫిబ్రవరి 4

వెళ్లాను. గుమాస్తా టీకి పోయాడు. కాసేపు నిలబడి వచ్చేశాను. ముందు గుమాస్తాకి చెప్పడమే పద్ధతి.

ఫిబ్రవరి 9

బస్సు లేటు.

ఫిబ్రవరి 11

ఆలోచిస్తే ఒకటి తెలిసింది. ఇప్పుడు చెబితే చీమ అబద్ధం ఆడిందని మళ్లీ తననే తిడతారు. సగం పుస్తకం సగమే కదా, అది ఎవరు ముద్ర వేసినా నిండదు. పైగా నాదీ పోతుంది. రెండు పోవడం కంటే ఒకటి పోవడం నయం. ఇది మా లెక్కల పుస్తకంలో కూడా ఉంది.

ఫిబ్రవరి 12

లెక్కల పుస్తకంలో లేదు. వెతికాను.

ఫిబ్రవరి 14, శనివారం

నీలం పుస్తకాలు తిరిగిచ్చారు. నాకు ఇరవైకి ఇరవై. క్లాసులో నాకొక్కదానికే. లోపల దూది సారు ఎర్ర సిరాతో రెండే మాటలు రాశాడు: “చెయ్యి మంచిది.” కింద చాలా చోటు వదిలాడు. ఇంకేదో రాస్తాడనుకుని పేజీ వెనక కూడా చూశాను.

ఫిబ్రవరి 20

లాండ్రీలో ఎవరూ నన్నేమీ అనలేదు. ఎవరికీ తెలియదు. చీమ నా పేరు ఎవరికీ చెప్పలేదు. “తెలివి ఎక్కువై దొంగ ముద్ర వేసుకుంది” అని ఆవిరి మిషను దగ్గర నవ్వుకున్నారు. నేను అక్కడ లేను. ఉన్నాను.

ఈల లేదు. దుప్పటి దులుపుతుంటే గుడ్డ చప్పుడొక్కటే.

మార్చి 7

సోమవారం నుంచి పరీక్షలు. నేను సెలవులో ఉండే వారం రోజులూ నా మూటలు కూడా తనే మడుస్తానని చీమ ఇన్‌ఛార్జికి చెప్పిందట. సాయంత్రం చేతులు కడుక్కునే చోట తనని ఆపాను.

“ఒక మాట చెప్పాలే నీకు.”

“ఇప్పుడొద్దు.”

“ఇప్పుడు చెప్పకపోతే…”

“పరీక్షలయ్యాక చెప్పు వదినా. ఇప్పుడు చెబితే ఏడుస్తావు, ఏడిస్తే చదివింది మర్చిపోతావు. ఒకళ్లమన్నా పాసవ్వాలి.”

కుళాయి కట్టేసి, తడి చేతులు చీరకి తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

మార్చి 9

తెలుగు. బాగానే రాశాను. వ్యాసం: ‘నిజాయితీ’. నాలుగు పేజీలు రాశాను.

మార్చి 16

పరీక్షలయ్యాయి. చీమ ఈ రోజు నా వైపు ఒకసారి చూసింది. చెప్పడానికి అది మంచి సమయం. ఆవిరి మిషను చప్పుడుగా ఉందని ఊరుకున్నాను.

మార్చి 17

చూడలేదు.

ఏప్రిల్ 20

పాసయ్యాను. సెకండ్ క్లాసు. మా అమ్మాయి వీధి మొత్తానికీ చెప్పింది. నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. “చెప్పమ్మా, ఎలా ఉంది?” అంది.

“కళ్లు తిరుగుతున్నాయి, వదులు” అన్నాను.

ఏప్రిల్ 30

కుర్చీ ఇచ్చారు. పదో తరగతి ఉన్నది నేనొక్కదాన్నే. పాత ఇన్‌ఛార్జి వెళ్తూ వెళ్తూ రిజిస్టరు అప్పజెప్పి, “బొద్దింకలు జాగ్రత్త” అన్నాడు. ఆయనకి మొదటినుంచీ తెలుసట. ఇద్దరం నవ్వాం. చీమ మూట ఎత్తుకుని మా పక్కనుంచే వెళ్లింది.

మే 4

కుర్చీలో నా పని ఇది: మూట వస్తుంది, చీటీ చూడాలి, ముద్ర వెయ్యాలి. రోజుకి రెండు వందల దాకా. నా హాబీయే నా ఉద్యోగమైంది. దూది సారు వింటే ఏమంటాడో. ఏమీ అనడు.

మే 13

నిన్న చీమకి నలభై ఐదు నిండాయి. రోజూ తను నా బల్ల ముందుకి పది పన్నెండుసార్లు వస్తుంది. “అరవై దుప్పట్లు మేడమ్.” “నలభై దిండు గలేబులు మేడమ్.” మొదటి రోజు, “మేడమేంటే, తలకాయ” అన్నాను. “పద్ధతి మేడమ్” అంది.

చీమ కోసం కుర్చీ తెచ్చి మిషను దగ్గర వెయ్యమని పైవాళ్లకి కాగితం రాశాను. నిలబడి చేసే పనికి కుర్చీ ఎందుకని తిప్పి పంపారు. స్టూలు ఒకటి ఇంటినుంచి తీసుకెళ్లాను. దాని మీద సబ్బు డబ్బాలు పెట్టింది.

మే 19

ఈ రోజు జరిగింది రాసి ఈ పుస్తకం మూసేస్తాను.

మధ్యాహ్నం చెమటకి చెయ్యి జారి ఆఫీసు ముద్ర కింద పడింది. కొత్తది, నా కోసమే చేయించినది. బండ మీద టక్కుమని మోగి దొర్లుకుంటూ పోయింది. మూటతో వస్తున్న చీమ కాళ్ల దగ్గర ఆగింది. తను మూట దించి, గోడ పట్టుకుని, మెల్లగా వంగి తీసింది. వంగడానికి చాలాసేపు పట్టింది. నేను లేచే లోపే అయిపోతుందనుకుని లేవలేదు.

ముద్రని వెలుతురుకి తిప్పి చూసింది. బొటనవేలితో అంచు తడిమింది.

“కొంచెం అంచు లేచిపోయింది మేడమ్” అని నా ముందు పెట్టింది. “మంచిదేలెండి. ఇంక ఇది దొంగదని ఎవ్వరూ అనరు.”

పంతొమ్మిదేళ్లలో చీమ నా మీద వేసిన జోకు అదొక్కటే. నేను వేసినవాటన్నిటికంటే బాగుంది. చెప్పిన తీరు కూడా బాగుంది, మొహంలో ఒక్క గీత కదలలేదు. నవ్వే భాగం కోసం చూశాను. నవ్వుతుందేమోనని, వదినా అంటుందేమోనని, చెయ్యి ముద్ర మీద పెట్టుకుని చాలాసేపు చూశాను.

“అరవై దుప్పట్లు మేడమ్” అంది.

వేశాను. పైన ఎడమవైపు కొంచెం పడలేదు.